గ్లీమ్‌లో రెండో వరస

వగ్దీకి పొద్దున్నే ఒక అలవాటుంది. అలవాటంటే ఒప్పుకోడు, డ్యూటీ అంటాడు. కైరోలోని దొక్కీలో మెట్రో దిగుతాడు. మూల మీది బండి దగ్గర ఫూల్ అనే చిక్కుడుగింజల ముద్ద కూరిన రొట్టెలు రెండు కట్టించుకుంటాడు. లిఫ్టు పనిచేస్తే లిఫ్టులో, లేకపోతే దాన్ని తిట్టుకుంటూ మెట్ల మీద నాలుగో అంతస్తుకి చేరతాడు. కుర్చీలో కూర్చోగానే, రొట్టె పొట్లమైనా విప్పకుండా, నలభై మెషీన్లకీ కలిపి ఒకే ఒక్క కమాండ్ పంపుతాడు. నిన్నటి నుంచి మీలోకి ఎవరెవరు వచ్చారు, ఏ తాళంతో వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు? నలభై జవాబులూ గబగబా తెర మీద దిగుతాయి. అన్నింట్లోనూ ఒకటే తాళం, అతనిదే. నలభయ్యోది దాకా చదివి, అప్పుడు పొట్లం విప్పుతాడు.

రెండేళ్ళ నుంచి రోజూ ఇదే. వెతికేది ఇంకో తాళం కోసం. అది ఇన్‌షిరాహ్‌ది.

వగ్దీకి నలభై మూడేళ్ళు. చదివింది వాణిజ్య డిప్లొమా, కానీ కైరోలో కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాడూ ఇంజినీరే కాబట్టి ఇతన్నీ అందరూ ఇంజినీరు గారనే పిలుస్తారు. పనిచేసేది రమదాన్ నెలలో వచ్చే బొమ్మల సీరియల్ తీసే చిన్న స్టూడియోలో. చిత్రకారులు బొమ్మలు వేసి, కదలించి వెళ్ళిపోతారు. వాటికి వెలుగూ నీడా పోసి, ఒక్కో ఫ్రేమునూ పూర్తిగా వండి తీసేది మాత్రం మెషీన్లు. అలాంటివి నలభై, ఊరి బయట అక్టోబర్ నగరంలో ఒక అద్దె గదిలో, చల్లబరిచే యంత్రాల మధ్య పడి ఉంటాయి. దీన్ని రెండర్ ఫామ్ అంటారు. దాన్ని దొక్కీలో కూర్చుని తోలేవాడు వగ్దీ. ఏ మెషీన్ ఏ ఫ్రేము వండాలో, ఏది మొండికేసిందో, దేనికి ఒక దెబ్బ వేసి మళ్ళీ లేపాలో, అన్నీ అతనే చూసుకోవాలి. సీరియల్ చివర పేర్లు పడేటప్పుడు అతని పేరు అందరికంటే కింద, టీ ఇచ్చే మనిషి పేరుకు పైన వస్తుంది. దానికతను ఎప్పుడూ బాధపడలేదు.

మొదట్లో ఆ పని ఎంత దరిద్రంగా ఉండేదో చెప్పాలి. అప్పుడు మెషీన్లు ముప్ఫై రెండు. ప్రతిదాని గుమ్మం దగ్గరా పాస్‌వర్డు అడిగేది. ఒక చిన్న కమాండ్ పంపాలంటే ముప్ఫై రెండుసార్లు అదే పాస్‌వర్డు కొట్టాలి. ఇరవయ్యో మెషీన్ దగ్గరకొచ్చేసరికి వేలు తప్పేది. మూడుసార్లు తప్పితే గుమ్మం మూసుకునేది. ఇక ఆ పాస్‌వర్డు ఎవరూ మర్చిపోకుండా గోడకు కాగితం అంటించారు, ఎర్ర పెన్నుతో. స్టూడియోకి మధ్యాహ్నం కోషరీ భోజనం తెచ్చేవాడికి కూడా అది నోటికొచ్చు.

ఇన్‌షిరాహ్ ఉద్యోగంలో చేరిన రెండో రోజే వెనక నిలబడి అతని వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. చేతిలో కాగితం పొట్లం, అందులో ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు. ఏం తింటున్నా పక్కన ఊరగాయ లేకపోతే ఆమెకు ముద్ద దిగదు.

"ఇంజినీరు గారూ, ఇదేం జపం? ఒకటే మాట ఎన్నిసార్లు?" అంది.

"ముప్ఫై రెండు. ఇప్పుడు పదిహేడులో ఉన్నాను. మాట్లాడించకు, తప్పుతుంది."

"కింద మన కాపలాదారు ఇద్రీస్ బాబాయి ఉన్నాడా? నువ్వు రోజూ లోపలికొస్తుంటే నీ పేరూ, మీ నాన్న పేరూ అడుగుతాడా?"

"ఎందుకడుగుతాడు? నా మొహం తెలుసు."

"మరి ఈ ముప్ఫై రెండింటికీ నీ మొహం ఎందుకు నేర్పలేదు?"

అప్పటికి వగ్దీ వేలు తప్పనే తప్పింది. తిట్టబోయి ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టింది. ఒక్కో మనిషికి ఒక తాళం, అది రెండు ముక్కలు. ఒక ముక్క మన కంప్యూటర్‌లోనే దాగి ఉంటుంది, చచ్చినా ఎవరికీ చూపించకూడదు. రెండో ముక్క ఒక వరస అక్షరాలు, దాన్ని ప్రతి మెషీన్ గుమ్మం దగ్గర జాబితాలో రాసిపెట్టాలి, అది లోకమంతా చూసినా నష్టం లేదు. రెండూ కలిస్తే తలుపు తెరుచుకుంటుంది, పాస్‌వర్డు ఊసే ఉండదు. ముప్ఫై రెండు మెషీన్లలోనూ మొదటి వరసలో తన తాళం రాసింది, రెండో వరసలో వగ్దీది. తరవాత పాస్‌వర్డుతో వచ్చే దారిని శాశ్వతంగా మూసేసి, గోడ మీది కాగితం చింపి, అందులోనే మిగిలిన ముల్లంగి ముక్కలు చుట్టి పారేసింది. "ఇక ఒకసారి చెబితే ముప్ఫై రెండూ వింటాయి," అంది. వగ్దీ ఒక కమాండ్ కొట్టాడు. ముప్ఫై రెండూ ఒక్కసారి పలికాయి. అబ్బ, ఆ రోజు అతని మొహం చూడాలి!

మెషీన్లకు అంకెలు తీసేసి పేర్లు పెట్టింది కూడా ఆవిడే. మెట్రో మొదటి లైను స్టేషన్లు వరసగా పెట్టింది. హెల్వాన్, తోరా, మాదీ, మార్ గిర్గిస్, సయ్యదా జైనబ్, సాదాత్, షుహదా, గమ్రా, అలా మర్గ్ దాకా. "గమ్రా మళ్ళీ అలిగింది," "హెల్వాన్‌కి జ్వరం," అని ఇద్దరూ మాట్లాడుకుంటుంటే చిత్రకారులు నవ్వుకునేవాళ్ళు.

నాలుగేళ్ళు పక్కపక్క కుర్చీలు. ఒక్క మాట అడిగితే అయిపోయేది. అడిగాడా? అబ్బే! అతనికి ఫైసల్ వీధిలో ఒక ఫ్లాటు ఉంది, గోడలున్నాయి గానీ పూత లేదు, నేల మీద టైల్స్ లేవు. ఇల్లు సిద్ధంగా లేని మగవాడు పిల్లనడగడానికి ఏ మొహంతో వెళతాడు? పూత అయ్యాక అడుగుదామనుకున్నాడు. పూత అయ్యాక, టైల్స్ పడ్డాక అన్నాడు. ఒకరోజు టైల్స్ పుస్తకం తెచ్చి, ఏదో మాట వరసకన్నట్టు, "వీటిలో ఏవి బాగుంటాయంటావ్?" అని అడిగాడు. ఇన్‌షిరాహ్ పేజీలు తిప్పి, లేత బూడిద రంగులో నీలం గీత ఉన్నదాని మీద వేలు పెట్టి, ఆ వేలు అక్కడే ఉంచి అతనికేసి చూసింది. అతను పుస్తకం మూసి "థాంక్స్" అన్నాడు. ఇలాంటివాణ్ణి ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

పనిలోనూ అంతే. ఏ కమాండ్ అయినా ముందు ఒక మెషీన్ మీద ప్రయత్నించి, ఫలితం రెండుసార్లు చూసుకుని, అప్పుడు గానీ అన్నింటికీ పంపడు. అది మంచి అలవాటే, కాదనను. ఇన్‌షిరాహ్ మాత్రం ఎగతాళి చేసేది. "పెళ్ళి కూడా ముందు ఒక మెషీన్ మీద పరీక్షించి చూస్తావేమో ఇంజినీరు గారూ!" అనేది. అతను చెవులు ఎర్రబడి తెరలోకి తల దూర్చేవాడు.

నాలుగేళ్ళు చూసి ఆమె అలెగ్జాండ్రియా వెళ్ళిపోయింది. అక్కడ పిన్ని ఒక్కతే ఉంటుంది, గ్లీమ్ ట్రామ్ స్టాపు దగ్గర. ఓడల కంపెనీ ఆఫీసులో ఏదో ఉద్యోగం దొరికింది. చివరి రోజు అందరికీ బస్బూసా మిఠాయి పంచింది. ఈ పనిలో ఒక ఆనవాయితీ ఉంది, మనిషి మెట్లు దిగేలోపు వాళ్ళ తాళం అన్ని మెషీన్ల నుంచీ కొట్టేయాలి. లిఫ్టు దగ్గర నిలబడి ఆమే గుర్తు చేసింది. "నా తాళం తీసెయ్ వగ్దీ. మర్చిపోకు."

"అలాగే," అన్నాడు.

లిఫ్టు తలుపు మూసుకోకుండా ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంకేమైనా చెప్పాలా?"

"జాగ్రత్తగా వెళ్ళు."

లిఫ్టు కిందికి వెళ్ళిపోయింది. వగ్దీ వచ్చి కుర్చీలో కూర్చుని, ఆమె తాళం కొట్టేసే కమాండ్ రాశాడు. ఎంటర్ నొక్కలేదు. సాయంత్రం దాకా అది తెర మీద అలాగే మిణుకుమంటూ ఉంది. చివరికి ఒక్కో అక్షరం వెనక్కి చెరిపేశాడు.

మరుసటి ఏడు స్టూడియో ఇంకో ఎనిమిది మెషీన్లు కొంది. వాటికి పేర్లు పెట్టే పని వగ్దీకి పడింది. మిగతా మెట్రో లైన్ల స్టేషన్లు ఇంకా ఉన్నాయి. అతను మాత్రం అలెగ్జాండ్రియా ట్రామ్ స్టాపుల పేర్లు పెట్టాడు. స్పోర్టింగ్, క్లియోపాత్రా, సీదీ గాబిర్, రుష్దీ, గ్లీమ్, జీజీనియా, సాన్ స్టెఫానో, విక్టోరియా. ఒక్కో మెషీన్‌లోనూ మొదటి వరసలో తన తాళం రాశాడు. రాసి, కాసేపు గోడకేసి చూసి, రెండో వరసలో ఇన్‌షిరాహ్ తాళం కూడా రాశాడు. ఉద్యోగం వదిలి వెళ్ళి ఏడాదైన మనిషికి, ఆమె ఎన్నడూ చూడని మెషీన్ల తలుపులు! ఎవరైనా అడిగితే ఏం చెప్పేవాడో అతనికే తెలీదు. ఒకవేళ ఎప్పుడైనా వస్తే గుమ్మం దగ్గర నిలబడిపోకూడదు కదా, అంతే.

ఆమె రాలేదు. ఫైసల్ వీధి ఫ్లాటులో టైల్స్ పడ్డాయి, లేత బూడిద రంగులో నీలం గీతవి. వాటి మీద ఒక్కడే నడిచాడు. ఈద్‌కి ఆమెకు మెసేజీ పెట్టేవాడు, అందరికీ పంపే దీపాల బొమ్మే. ఆమె నుంచి కూడా అందరికీ పంపే బొమ్మే వచ్చేది. అది నలుగురికీ పంపిందా తనకే పంపిందా అని రోజంతా ఆలోచించేవాడు.

ఈ ఏడు రమదాన్ ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఉదయం తొమ్మిదింటికి స్టూడియో యజమానురాలు మదాం ఒల్ఫత్ అతని గదిలోకి వచ్చింది. అరవయ్యేళ్ళ మనిషి, మెడలో కళ్ళజోడు గొలుసు, ఎవరినైనా తల్లిలా తిడుతుంది.

"వగ్దీ, మధ్యాహ్నం రెండింటికి ఛానెల్ వాళ్ళ తనిఖీ మనిషి వస్తున్నాడు. సీరియల్ ఎక్కడా బయటికి పొక్కకూడదట. పాత ఉద్యోగుల తాళం ఒక్కటి కనబడినా సంతకం పెట్టడు. సంతకం లేకపోతే మన సీరియల్ లేదు. విన్నావా?"

"విన్నాను మదాం."

"పాతవాళ్ళవి ఏమైనా ఉన్నాయా?"

వగ్దీ కీబోర్డు మీది రొట్టె తునకలు దులపసాగాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అతని మొహం ఒక నిమిషం చదివింది.

"అనుకున్నాను. తీసెయ్ నాయనా. నువ్వు అడగలేదు గానీ చెబుతున్నాను, మొన్న ఇన్‌షిరాహ్‌తో ఫోన్లో మాట్లాడాను. ఎవరో పళ్ళ డాక్టరు పెళ్ళికి అడుగుతున్నాడట. దాని పిన్ని ఈ శుక్రవారం దాటాక ఏదో ఒకటి చెప్పమందట." ఇంతే చెప్పి వెళ్ళిపోయింది.

పళ్ళ డాక్టరుకి ఫ్లాటు ఉండే ఉంటుంది, టైల్స్ కూడా ఉంటాయి. ఇంక మిగిలిందేమిటి? ఈ నలభై గుమ్మాల దగ్గర ఆమె పేరున ఒక్కో వరస, అదీ ఇవాళ తన చేత్తోనే పోవాలి. టీ తెప్పించుకున్నాడు. చల్లారిపోయింది. ఇంకోటి తెప్పించుకున్నాడు. అదీ చల్లారింది. పదకొండయ్యింది.

చెయ్యక తప్పదు కాబట్టి, అతనికి తెలిసిన పద్ధతిలోనే చేశాడు. ముందు ఒక మెషీన్ మీద చూసుకోవాలి. చెయ్యి తనంతట తానే గ్లీమ్ దగ్గరికి వెళ్ళింది. గ్లీమ్ జాబితా తెరిచాడు. రెండు వరసలు, మొదటిది తనది, రెండోది ఆమెది. "రెండో వరస కొట్టెయ్," అని కమాండ్ ఇచ్చాడు. ఆమె వరస పోయింది. తన వరస ఉంది. సరిగ్గానే పనిచేసింది. కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. అదే కమాండ్ మిగిలిన ముప్ఫై తొమ్మిదింటికీ కలిపి పంపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అయిపోయింది. ఇంక పని చూసుకోవాలి. మొదటి ఎపిసోడ్ చివరి దృశ్యం వండమని చెప్పడానికి ఇంకో కమాండ్ పంపాడు. ఎనిమిది మెషీన్లు పలికాయి. ముప్ఫై రెండు పలకలేదు. తెర నిండా ఒకటే జవాబు, నువ్వెవరో నాకు తెలియదు, లోపలికి రానివ్వను. మళ్ళీ పంపాడు. మళ్ళీ అదే.

అప్పుడు వెలిగింది. కొత్త ఎనిమిదింట్లో రెండో వరస ఆమెది. పాత ముప్ఫై రెండింట్లో రెండో వరస తనది! పాతవాటిని రాసింది ఆమె, ముందు తనది రాసుకుంది. పరీక్ష కోసం పాతదేదైనా ముట్టుకుని ఉంటే తెలిసిపోయేది. ఇతను పట్టుకున్నది గ్లీమ్. ఏ తాళం తీసెయ్యమన్నారో అది ముప్ఫై రెండు గుమ్మాల్లో పదిలంగా ఉంది, తోలేవాడి తాళమే ఎగిరిపోయింది. పాస్‌వర్డు దారి ఎప్పుడో మూసేశారు. అక్టోబర్ నగరం వెళ్ళి ఒక్కోదాన్నీ ఆపి, విప్పి, బాగుచేసుకోవాలంటే రెండు రోజులు. రెండింటికి తనిఖీ.

మదాం ఒల్ఫత్ గదిలో నిలబడి చెప్పేశాడు. ఆవిడ నుదురు పట్టుకుని కూర్చుంది.

"పాత ఉద్యోగుల్ని తీసెయ్యమంటే ఉన్న ఒక్క ఉద్యోగినీ తీసేశావా? ఇప్పుడు లోపలికి ఎవరు వెళ్ళగలరు?"

"ఇన్‌షిరాహ్ ఒక్కతే. ఆ తాళం తన దగ్గర ఇంకా ఉంటే."

ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక బల్ల మీది ఫోను అతని వైపు తోసింది. "చెయ్యి. సిగ్గుపడ్డావంటే సీరియలూ పోతుంది, ఆ పిల్లా పోతుంది."

వగ్దీ తన గదికి వెళ్ళి తన ఫోనుతోనే చేశాడు. నంబరు వెతుక్కోనక్కర్లేదు. నాలుగు మోతలకు ఎత్తింది. వెనక ఓడ కూత వినిపించింది.

"వగ్దీ? ఏంటి, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. నేనే పోయాను, ముప్ఫై రెండు మెషీన్ల నుంచి." ఒక్క గుక్కలో జరిగింది చెప్పాడు.

అటు పక్క నవ్వు మొదలైంది. ఆ నవ్వు విని రెండేళ్ళయింది. వగ్దీ గోడకు ఆనుకున్నాడు.

"అయ్యో నా ఇంజినీరు గారూ! నిన్ను నువ్వే గెంటేసుకున్నావా? సరే ఉండు. నీ తాళంలో రెండో ముక్క పంపు, అతికిస్తాను."

"నీ దగ్గర తాళం... ఇంకా ఉందా?"

"ఆ. ఉంది." గొంతు కొంచెం తగ్గింది. "పాత కంప్యూటర్ పారేసేటప్పుడు దీన్ని మాత్రం కొత్తదాంట్లోకి మార్చుకున్నాను. ఎందుకని అడక్కు."

అడగలేదు. మెసేజీలో తన వరస పంపించాడు. కీబోర్డు మీద ఆమె వేళ్ళ చప్పుడు ఫోన్లో వినబడుతోంది. ఆమె షుహదా మెషీన్‌లో దిగింది, అక్కడి నుంచే మిగతావాటికి కమాండ్ పంపుతోంది.

"వగ్దీ, నా తాళం ఇంకా ఇక్కడే ఉందేంటి? నేను వెళ్ళిన రోజే తీసెయ్యమన్నాను కదా."

"మర్చిపోయాను."

"ముప్ఫై రెండింట్లోనూ మర్చిపోయావా?"

వగ్దీ గోడ మీది సున్నం గోటితో గీకాడు.

"అది సరే. నువ్వు ఒకదాని మీద చూసుకోకుండా దగ్గు కూడా దగ్గవు. ఇలా ఎలా చేశావ్?"

"చూసుకున్నాను. దాంట్లో సరిగ్గానే వచ్చింది."

"ఎలా వస్తుంది? అన్నింట్లోనూ ముందు నాది రాశాను, తరవాత నీది. ఏ మెషీన్ మీద చూశావ్?"

ఇక్కడ ఒక అబద్ధం చెప్పి ఉండొచ్చు. హెల్వాన్ అనొచ్చు, గమ్రా అనొచ్చు. వగ్దీకి అబద్ధం తట్టేలోపే నోరు జారింది.

"గ్లీమ్."

వేళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"మనకి గ్లీమ్ అనే మెషీన్ లేదు. మెట్రోలో గ్లీమ్ లేదు." అంది. "గ్లీమ్ మా పిన్నిగారి స్టాపు."

"కొత్తవి కొన్నారు. నువ్వు వెళ్ళాక. ఎనిమిది."

"వాటి పేర్లేంటి?"

చెప్పాడు. స్పోర్టింగ్ నుంచి విక్టోరియా దాకా, ట్రామ్ వెళ్ళే వరసలోనే. బడిలో పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పాడు.

"నేను వెళ్ళాక కొన్నవాటిలో రెండో వరస నాదెలా అయింది వగ్దీ?"

"నేనే రాశాను."

ఓడ ఇంకోసారి కూసింది. ఆమె ఏడుస్తోందో, కోపంగా ఉందో అతనికి అంతుపట్టలేదు. మాట్లాడినప్పుడు గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఎనిమిది మెషీన్లకి చెప్పావు. నాకు చెప్పలేదు. లిఫ్టు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను, వగ్దీ. చెయ్యి నొప్పెట్టేదాకా నిలబడ్డాను."

"ఇన్‌షిరాహ్..."

"నీ తాళం అన్నింట్లోనూ అతికించాను, చూసుకో. నాది నేనే కొట్టేస్తున్నాను. నీ చేతికి అది రాదు." ఫోను పెట్టేసింది.

వగ్దీ తెర దగ్గరికి వచ్చాడు. నలభైకీ కలిపి కమాండ్ పంపాడు. నలభయ్యీ పలికాయి. జాబితాలు తెరవమన్నాడు. ప్రతిదాంట్లోనూ ఒకే ఒక వరస, తనది. హెల్వాన్‌లో ఒకటి, మాదీలో ఒకటి, సయ్యదా జైనబ్‌లో ఒకటి. చెప్పిన మాట ప్రకారం శుభ్రంగా ఊడ్చేసి వెళ్ళింది. తనిఖీ మనిషి వచ్చినా ఇక తప్పు పట్టడానికి ఏమీ లేదు.

పొద్దున పంపే కమాండే ఇంకోసారి పంపాడు, ఎవరొచ్చారు, ఎప్పుడు వెళ్ళారు అని. రెండేళ్ళు ఎదురుచూసిన తాళం ముప్ఫై రెండు చోట్ల కనిపించింది. వచ్చింది, వెళ్ళింది. వచ్చింది, వెళ్ళింది. ఒక్కో దానిలో రెండు మూడు సెకన్లే ఉంది. వగ్దీ ఒక్కో వరసా వేలితో తాకుతూ చదివాడు. షుహదా దగ్గర వేలు ఆగింది. వచ్చిన సమయం ఉంది. వెళ్ళిన సమయం లేదు. ఇంకా లోపలే ఉంది.

తాళం కొట్టేసినా, అప్పటికే లోపలున్న మనిషిని మెషీన్ బయటికి నెట్టదు. ఆ మనిషి వెళ్ళేదాకా ఉండొచ్చు. ఒకసారి బయట అడుగు పెడితే మాత్రం మళ్ళీ రాలేదు. ఈ సంగతి వగ్దీకి తెలుసు. తనకి నేర్పింది ఆమే కాబట్టి ఆమెకూ తెలుసు.

లోపలున్న మనిషి తెర మీద ఒక ముక్క రాసే దారి కూడా ఉంది. పాత రోజుల్లో "టీకి వెళదామా" అని అలాగే రాసుకునేవాళ్ళు, అరబ్బీ మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో, అరబ్బీకే ఉన్న శబ్దాలకు మధ్యమధ్య అంకెలు పెట్టి. వగ్దీ దాన్ని తెరిచాడు. "టైల్స్ వేయించాను, నువ్వు చూపించినవే," అని కొట్టాడు. ఎంటర్ నొక్కే ముందు చదువుకున్నాడు. ఛీ, ఇదా చెప్పేది! చెరిపేశాడు. "నువ్వు బిజీగా లేకపోతే" అని మొదలుపెట్టి అదీ చెరిపేశాడు. షుహదాలో ఆమె ఇంకా ఉంది. ఏ క్షణమైనా వెళ్ళిపోవచ్చు. రెండేళ్ళ కింద లిఫ్టు దగ్గర నిలబడ్డట్టే నిలబడి ఉంది, ఈసారి అడ్డం పెట్టడానికి తలుపు కూడా లేదు. వగ్దీకి కళ్ళు మసకబారాయి. కీబోర్డు కనబడకుండానే కొట్టాడు.

"శుక్రవారం వస్తున్నాను. నిన్నిమ్మని మీ పిన్నిగారిని అడగడానికి. డాక్టరుకి ఏమీ చెప్పొద్దు."

ఒక్కసారి కూడా చదువుకోలేదు. ఎంటర్ నొక్కేశాడు.

తెర మీద ఏమీ కదల్లేదు. పక్క గదిలో మదాం ఒల్ఫత్ ఎవరినో తిడుతోంది. వీధిలో ఇంటింటికీ కట్టే రమదాన్ జెండాల కోసం కుర్రకారు నిచ్చెన లాగుతున్న చప్పుడు. వగ్దీ చూస్తూనే ఉన్నాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. మూడో నిమిషంలో ఆమె జవాబు వచ్చింది.

"ముందు ఏ మెషీన్ మీదైనా పరీక్షించి చూశావా?"

వగ్దీ నవ్వాడు, ఏడ్చాడు, రెండూ కలిపే చేశాడు. గబగబా "లేదు" అని కొట్టి ఎంటర్ నొక్కాడు.

మెషీన్ ఆ మాట తిప్పి పంపింది. ఆ మనిషి ఇప్పుడు ఇక్కడ లేదంది. షుహదా రికార్డులో ఆమె వెళ్ళిన సమయం పడింది, పన్నెండు గంటల యాభై రెండు నిమిషాలు. ఇక నలభై మెషీన్లలో ఏ గుమ్మం నుంచీ ఆమె రాదు. రేపు పొద్దున వెతుక్కోవడానికి కూడా ఏమీ లేదు.

రెండింటికి తనిఖీ మనిషి వచ్చి, నలభై జాబితాలూ చూసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళాడు. వగ్దీ చివరి దృశ్యం మెషీన్లకు అప్పజెప్పి, స్వెట్టరు తీసుకుని మెట్లు దిగాడు. లిఫ్టు పనిచేస్తూనే ఉంది, అతనే చూసుకోలేదు. గుమ్మం దగ్గర ఇద్రీస్ బాబాయి బల్ల మీద నుంచి తల ఎత్తాడు.

"ఇంజినీరు గారూ, ఈ వేళప్పుడు ఎక్కడికి?"

"రైలు టిక్కెట్టుకి బాబాయ్. అలెగ్జాండ్రియాకి. ఒక మాట చెప్పొచ్చేది ఉంది."

"ఫోన్లో చెప్పే వీలు లేదా?"

"లేదు," అన్నాడు వగ్దీ. మెషీన్ తిప్పి పంపిన ఆ మాటనే, రైలు స్టేషన్ పక్కనుండే షుహదా మెట్రో దాకా నోట్లోనే పెట్టుకుని వెళ్ళాడు.